మాట ఎవరిది, సాక్ష్యం ఎక్కడ?

ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షలో వినికిడి విభాగానికి ఒక కఠినమైన నియమం ఉంది. రికార్డింగును ఒక్కసారే వినిపిస్తారు. నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు, సుమారు అరగంట. మూడో భాగంలో వచ్చేది చదువులకు సంబంధించిన సంభాషణ. సాధన కోసం వాడే రికార్డింగుల్లో తరచూ వినబడే సన్నివేశం ఒకటుంది. కొత్తగా యూనివర్సిటీలో చేరిన విద్యార్థిని తను రాయబోయే పరిశోధన పత్రం గురించి అధ్యాపకుణ్ని అడుగుతుంది. అంశం మరీ పెద్దదిగా ఉంది, కుదించుకోమంటాడాయన. మూలగ్రంథాలు ముందు చూడు, వాటి మీద ఎవరేం రాశారో తర్వాత చూడు అంటాడు. వరుసల మధ్య ఎంత ఖాళీ వదలాలి, అంచులు ఎంత ఉండాలి, చివర ఆధారాల పట్టికను ఏ క్రమంలో రాయాలి అన్నీ చెబుతాడు. వింటున్నవాళ్లు జవాబులు రాసుకుంటూ పోవాలి. స్పెల్లింగు తప్పితే మార్కు పోయినట్టే.

కోలారు జిల్లాలో ఈ పరీక్షకు కూర్చునే పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం. మారికుప్పం నుంచి బంగారుపేట మీదుగా బెంగళూరు పోయే రైళ్లలో రోజూ ప్రయాణించే ఇళ్లవాళ్లు. వేరే దేశపు యాస ఒక్కసారి విని పట్టుకోవడమే వాళ్లకు పెద్ద పని. ఇక ఆ యాసలో చెబుతున్న విషయంలో ఒక పాత తాత్విక తగాదా దాగి ఉందని గమనించే తీరిక ఎవరికుంటుంది?

తగాదా ఏమిటంటే, పరీక్ష విన్నదాన్ని నమ్మమంటుంది. అధ్యాపకుడు చెప్పాడు, అదే జవాబు, రాసెయ్. ఆ అధ్యాపకుడు నేర్పుతున్నది మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు, ఏ సంవత్సరంలో, ఏ పేజీలో అన్నది చూపకుండా ఒక్క మాట కూడా పత్రంలో పెట్టవద్దంటున్నాడు. విన్న మాట జ్ఞానం ఎప్పుడవుతుంది? విన్న వెంటనేనా, సరిచూసుకున్న తర్వాతా?

మన దార్శనికులు ఈ ప్రశ్నను అటూ ఇటూ తిప్పి శతాబ్దాలపాటు వాదించుకున్నారు. జ్ఞానానికి సాధనాలు ఎన్ని అన్న దగ్గరే ఒప్పుదల లేదు. చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటే చాలన్నారు. బౌద్ధ తార్కికులు, వైశేషికులు ప్రత్యక్షం, అనుమానం (కనబడేదాన్నిబట్టి కనబడనిదాన్ని తేల్చడం) రెండే అన్నారు. మాట వల్ల తెలిసేది కూడా ఒకరకం అనుమానమేనని వాళ్ల లెక్క. గౌతముడి న్యాయశాస్త్రం నాలుగు ప్రమాణాలను, అంటే జ్ఞానసాధనాలను, ఒప్పుకుని, శబ్దానికి, అంటే నమ్మదగినవాడి మాటకు, విడిగా పీట వేసింది. భాట్ట మీమాంసకులు, అద్వైతులు ఆరు దాకా వెళ్లారు. మధ్వులు మూడు దగ్గర ఆగారు.

నమ్మదగినవాడెవరు? న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇచ్చిన జవాబు ఇప్పటికీ గట్టిగా నిలబడుతుంది. విషయాన్ని స్వయంగా ఎరిగినవాడు, చూసింది చూసినట్టు తెలియజెప్పాలన్న కోరికతో నోరు విప్పేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకేలా వర్తిస్తుందని ఆయన జోడించాడు. పుట్టుకతో గాని, పీఠంతో గాని నిమిత్తం లేదు.

అసలు చిక్కు తర్వాతిది. ఒక జ్ఞానం సరైనదని మనకెలా తెలుస్తుంది? మీమాంసకులు, వేదాంతులు దాన్ని స్వతఃప్రామాణ్యం అన్నారు. దాన్ని కాదనేది కనబడేదాకా తెలిసింది సరైనదే. న్యాయశాస్త్రాన్ని అనుసరించే నైయాయికులు పరతఃప్రామాణ్యం అన్నారు. సరైనదని తేలాలంటే బయటి పరీక్ష కావాలి. మీమాంసకుడు వెంటనే అడ్డం తిరుగుతాడు. ఆ బయటి పరీక్ష సరైనదని తేల్చడానికి మరో పరీక్ష, దానికి ఇంకొకటి, ఈ గొలుసు ఎక్కడ తెగుతుంది? పరిశోధన పత్రం చివర ఉండే పట్టికను చూసినా ఇదే అడగవచ్చు. ఒక పుస్తకం ఇంకో పుస్తకాన్ని చూపుతుంది, అది మరొకదాన్ని చూపుతుంది. చివరికి ఏముంది?

చివరికి ఏముందో కోలార్ బంగారు గనుల్లో (కెజిఎఫ్) చూడవచ్చు.

ఛాంపియన్ రీఫ్ గని భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగింది. 1880లలో జాన్ టేలర్ కంపెనీ మొదలుపెట్టిన ఆధునిక తవ్వకాలకు 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చాక అంత లోతు సాధ్యమైంది. బంగారం కోసం తవ్విన ఆ గనిలో, స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది ఏళ్లకే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు వేరే వెతుకులాట మొదలుపెట్టారు. ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాలు రాతిలో ఎంత లోతుకు దిగగలవో కొలవడం వాళ్ల పని. హోమీ భాభా శిష్యుడు బి.వి. శ్రీకంఠన్ మొదటి కొలతలు తీశాడు. 1960 దశకం మొదట్లో ఎస్. మియాకే, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి ఇంకా లోతుకు వెళ్లారు. అన్నిటికంటే లోతైన చోట పరికరాన్ని రెండు నెలలపాటు నడిపినా విశ్వకిరణాల వల్ల పుట్టే మ్యూఆన్ కణం ఒక్కటి కూడా నమోదు కాలేదు.

రెండు నెలల పనికి సున్నా! కానీ ఆ సున్నాను అలాగే అచ్చు వేశారు. భాట్టులు, అద్వైతులు చెప్పే ఆరో ప్రమాణం అనుపలబ్ధి ఇదే. కనబడకపోవడం కూడా జ్ఞానమే. ఒక షరతు ఉంది. వస్తువు అక్కడ ఉంటే తప్పక కనబడే వీలుండాలి. చీకటి గదిలో కుండ కనబడలేదు కాబట్టి కుండ లేదనడానికి వీల్లేదు. పరికరం సరిగ్గా పనిచేస్తోందని, కణం వచ్చి ఉంటే పట్టుకునేదేనని చూపగలిగినప్పుడే ఆ సున్నాకు విలువ. ఆ వివరాలు పత్రంలో ఉన్నాయి కాబట్టే, పైనుంచి వచ్చే కణాల రొద అంతగా అణగారిన చోట న్యూట్రినోలను వెతకవచ్చన్న ఆలోచనకు బలం వచ్చింది.

న్యూట్రినో కంటికి కనబడదు, దాదాపు దేన్నీ తాకదు. ఎప్పుడో ఒకటి రాతిని తాకితే ఒక మ్యూఆన్ పుడుతుంది. పైనుంచి సూటిగా వచ్చే మ్యూఆన్లను దాదాపు అన్నిటినీ రెండు కిలోమీటర్లకు పైగా ఉన్న రాయి ఆపేస్తుంది. కాబట్టి పక్క నుంచి అడ్డంగా వచ్చే మ్యూఆన్ దొరికితే అది న్యూట్రినో వల్ల పుట్టిందేననాలి. సుమారు 2,300 మీటర్ల లోతున, కణం తగిలితే మెరిసే సింటిలేటర్లను గోడల్లా నిలబెట్టారు. మధ్యలో నియాన్ గొట్టాలు పేర్చారు. కణం దూసుకుపోయిన దారిలో గొట్టాలు వెలుగుతాయి, కెమెరా ఫోటో తీస్తుంది. గొట్టంలో వెలుగు ప్రత్యక్షం. దాన్నిబట్టి న్యూట్రినో ఉందనడం పొగను చూసి నిప్పు ఉందన్నట్టు అనుమానం. బొంబాయిలో, ఒసాకాలో, డర్హంలో కూర్చుని చదివినవాడికి అది శబ్దం. మూడు ప్రమాణాలూ ఒకే గని సొరంగంలో వరుసగా నిలబడ్డాయి.

1965లో, న్యూట్రినో వల్ల పుట్టిన మ్యూఆన్ దొరికిందని చెప్పే పత్రం ఫిజిక్స్ లెటర్స్‌లో వచ్చింది. ఎం.జి.కె. మీనన్, శ్రీకంఠన్, నరసింహం, రమణమూర్తి, మియాకే, ఎ.డబ్ల్యు. వుల్ఫెండేల్‌లతో సహా మొత్తం పదకొండు పేర్లు. అదే సమయంలో దక్షిణాఫ్రికాలో జొహాన్నెస్‌బర్గ్ దగ్గరి మరో బంగారు గనిలో ఫ్రెడరిక్ రైనెస్ బృందం ఇదే వెతుకులాటలో ఉంది. కోలార్ పత్రం పత్రికకు చేరిన తేదీ జులై 12, రైనెస్ బృందం పత్రం చేరింది జులై 26. అచ్చయింది వరుసగా ఆగస్టు 15న, ఆగస్టు 30న. మరి ముందు చూసిందెవరు? రైనెస్ బృందానికి మొదటి సంఘటన ఆ ఏడాది ఫిబ్రవరి 23నే దొరికింది, కోలార్‌కు సుమారు రెండు నెలల తర్వాత. ముందు చూసింది వాళ్లు, ముందు చెప్పింది వీళ్లు. ఈ తేదీలన్నీ కాగితం మీద ఉన్నాయి కాబట్టి ఎవరికి దక్కాల్సిన న్యాయం వాళ్లకు దక్కింది. వినికిడి పరీక్షలో విద్యార్థి విసుక్కుంటూ రాసుకునే ‘తేదీ వేయడం మరవకు’ అన్న సలహా బరువు అంతటిది.

ఆ గనిలో అన్నీ ఇలా తేలలేదు. 1975లో ఎం.ఆర్. కృష్ణస్వామి తదితరులు కొన్ని వింత సంఘటనలను ప్రకటించారు. రెండు మూడు గీతలు రాతి గోడకు ఇవతల, ఖాళీ జాగాలో ఒకే బిందువు నుంచి చీలినట్టు కనిపించాయి. తెలిసిన ఏ కణమూ అలా చెయ్యదు. ‘కోలార్ సంఘటనలు’ అన్న పేరుతో అవి ప్రపంచానికి తెలిశాయి. వాటిని అచ్చు వేసిన పత్రికల్లో ఒకటి బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 1973లో మొదలుపెట్టినది, పేరు ‘ప్రమాణ’. వేరేచోట్ల వెతికినవాళ్లకు అలాంటి కణం దొరకలేదు. అది తప్పని కొట్టిపారేయడానికీ ఆధారం చాలలేదు. సుమారు నాలుగు దశాబ్దాల తర్వాత, 2014లో ఎం.వి.ఎన్. మూర్తి, జి. రాజశేఖరన్ అవే సంఘటనలను తీసుకుని అవి కృష్ణపదార్థపు జాడలేమోనని మళ్లీ చర్చించారు. పాత పత్రంలో లోతు, కోణం, గీతల దూరం రాసిపెట్టి ఉన్నాయి కాబట్టే ఆ చర్చ సాధ్యమైంది.

1980లో అదే గనిలో 140 టన్నుల ఇనుప పరికరంతో ప్రోటాన్ క్షయం కోసం కాచుకుని కూర్చున్నారు. పదార్థం శాశ్వతమా కాదా అన్న ప్రశ్న అది. ఇంతకంటే మతానికి దగ్గరగా భౌతికశాస్త్రం ఎప్పుడూ రాలేదంటే అతిశయం కాదు. కొన్ని సంఘటనలు క్షయాన్ని సూచిస్తున్నాయని కోలార్ బృందం ప్రకటించింది. అమెరికాలో, జపాన్‌లో కట్టిన ఇంకా పెద్ద పరికరాలకు అలాంటిదేమీ కనబడలేదు. నేటికీ ప్రోటాన్ చావును చూసినవాళ్లు లేరు.

అయితే కోలార్ శాస్త్రవేత్తలు ఆప్తులు కారా? తప్పుగా తేలిన మాట ప్రమాణం కాదని నైయాయికుడు గట్టిగా అంటాడు. మాట విషయంలో అతను చెప్పింది నిజమే. మనిషి విషయంలో వాత్స్యాయనుడి కొలతే మళ్లీ పట్టుకోవాలి. చూశారా? చూశారు. చూసినట్టే చెప్పారా? చెప్పారు. చెప్పేటప్పుడు, మేం పొరబడి ఉంటే మీరు కనిపెట్టడానికి ఇదిగో దారి అని కొలతలన్నీ ముందు పెట్టారా? పెట్టారు. పొరపాటే రానివాడు ఈ లోకంలో దొరకడు. పొరపాటును ఇతరులు పట్టుకునేందుకు వీలుగా మాట్లాడేవాడు దొరుకుతాడు. అతన్నే ఆప్తుడనాలి. ఆధారాల పట్టిక చేసే పని ఇదే.

రోజువారీ బతుకులో మీమాంసకుడి మాటే చెల్లుతుంది. బస్సు ఎన్నింటికని అడిగి, చెప్పినవాడికి సాక్ష్యం అడిగితే బస్సు వెళ్లిపోతుంది. అమ్మ చెప్పిన పేరే మన పేరని నమ్మి బతుకుతాం. పరీక్ష హాల్లో విద్యార్థి చేసేదీ అదే, తప్పేమీ లేదు. కానీ మాటను కాగితం మీద పెట్టి, ముక్కూముఖం తెలియని పాఠకుడి చేతిలో పెట్టిన క్షణం నుంచి నైయాయికుడి నియమం మొదలవుతుంది. అతనికి రచయితను నమ్మే అవసరం లేకుండా చూడాలి, సరిచూసే హక్కు ఇవ్వాలి.

ఈ హక్కు మన శాస్త్రచర్చల్లో ఉందా? ఉంది, లేదు కూడా. ముళబాగిలు దగ్గరి నరసింహతీర్థంలో మధ్వ యతి శ్రీపాదరాజుల బృందావనం ఉంది. 15వ శతాబ్దిలో ఆయన దగ్గర చదువుకున్న వ్యాసతీర్థులు తర్వాత ‘న్యాయామృతం’, ‘తర్కతాండవం’ రాశారు. అద్వైతులు ఏమేం వాదించారో మూలమూలల నుంచి ఏరి, ఒక్కొక్కటీ పూర్వపక్షంగా నిలబెట్టి, ఆ తర్వాతే ఖండించారు. దానికి జవాబుగా మధుసూదన సరస్వతి రాసిన ‘అద్వైతసిద్ధి’ ఆయన వరుసనే అనుసరించి సాగింది. ఎదుటివాడి మాటను ఎదుటివాడు ఒప్పుకునేలా చెప్పాకే ఖండించాలన్న ఆ నియమం ఏ యూనివర్సిటీ నియమావళికీ తీసిపోదు.

అదే మధ్వ సంప్రదాయాన్ని ఇంకో ప్రశ్న వెంటాడింది. మధ్వాచార్యులు ఉదహరించిన కొన్ని గ్రంథాలు ఎవరికీ దొరకడం లేదని 16వ శతాబ్దిలోనే అప్పయ్య దీక్షితులు నిలదీశారు. మన కాలంలో రోకే మెస్కీటా అనే పండితుడు దీని మీద ఒక పుస్తకమే రాశాడు. బి.ఎన్.కె. శర్మ వంటి మధ్వ పండితులు దీటుగా సమాధానం చెప్పారు. తాళపత్రాలు చెదపురుగుల పాలైన దేశంలో, ఈ రోజు దొరకనంత మాత్రాన ఒక గ్రంథం ఎన్నడూ లేదనడం సాహసం. ఇక్కడా అనుపలబ్ధి షరతే వర్తిస్తుంది. ఉంటే తప్పక దొరికేదని చెప్పగలిగే స్థితిలో మనం లేము. అయినా ప్రశ్న అడగడం అపచారం కాదు. అడిగినవాడు కూడా శాస్త్రం చదువుకున్నవాడే, ఆ శాస్త్రమే అతనికి అడగడం నేర్పింది.

మాట ఎవరిదో చెప్పడానికి పాటల్లో మరో దారి ఉండేది. శ్రీపాదరాజులు తన కీర్తనల్లో రంగవిఠల అని, తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన కైవారం తాతయ్య అమరనారేయణ అని ముద్ర వేశారు. వేమన మకుటం సంగతి చెప్పనక్కర్లేదు. ముద్ర రచయితను గుర్తు చేస్తుంది గాని సాక్ష్యం కాదు. ఎవరైనా తమ పద్యానికి ఆ మకుటం తగిలించవచ్చు, తగిలించారు కూడా. ఏది వేమనది, ఏది కాదు అన్న పేచీ అందుకే తెగలేదు.

కోలారు జిల్లా శాసనాలకు ఆ పేచీ లేదు. బి.ఎల్. రైస్ 1905లో ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా ఈ జిల్లా శాసనాలను అచ్చు వేశాడు. తాలూకాల వారీగా ప్రతి రాయికీ ఒక సంఖ్య. ముళబాగిలు తాలూకాలోని ఆవణిలో త్రిభువనకర్తర అనే శైవాచార్యుడు 40 ఏళ్లు ఆ స్థానాన్ని ఏలి, 50 గుళ్లు, రెండు పెద్ద చెరువులు కట్టించాడని పదో శతాబ్దపు శాసనం చెబుతుంది. ఊళ్లో ముసలాయన ఈ ముక్క చెబితే అది కథ. తాలూకా పేరు, శాసన సంఖ్య చూపి రాస్తే, నమ్మనివాడు ఆవణికి వెళ్లి ఆ రాయిని చేత్తో తడిమి చూసుకోవచ్చు. మీమాంసకుడు అడిగిన గొలుసు అక్కడ తెగుతుంది, ఒక రాయి దగ్గర, ఒక ఫోటో దగ్గర, కళ్లారా చూసిన ఒక మనిషి దగ్గర.

ఇంత బరువున్న పనిని మన విశ్వవిద్యాలయాలు శాతాల లెక్కగా కుదించాయి. యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. నిబంధన అవసరమే, దొంగరాతలు అంతగా పెరిగాయి. కానీ పదాలు మార్చి ఆలోచనను ఎత్తుకున్నవాడు పోలికలు పట్టే యంత్రానికి దొరకడు. ఋషిఋణం, దేవఋణం, పితృఋణం అని వేదం మూడు అప్పులు చెప్పింది. చదువు వల్ల తీరేది ఋషిఋణం. ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పకుండా చదివింది తన సొంతమని చాటుకునేవాడు ఆ అప్పును ఎగవేసినట్టే.  

ఒక అప్పు ఇంకా తీరలేదు. 1965 పత్రంలోని పదకొండు పేర్లలో గని కార్మికుడి పేరు లేదు. ఆ సొరంగం తొలిచిన చేతులు, ఒత్తిడికి రాయి పేలే రాక్‌బర్స్ట్ వస్తే బండల కింద నలిగిన ప్రాణాలు లేకుండా ఆ లోతు లేదు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. లోపల ఏం జరిగేదో కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు మారికుప్పంలో, ఊరిగాంలో, ఛాంపియన్ రీఫ్స్‌లో, ఆండర్సన్‌పేటలో ముసలివాళ్లు. వాత్స్యాయనుడి కొలతకు అచ్చంగా సరిపోయే ఆప్తులు. వాళ్ల మాటను పత్రంలో పెడితే ఏమవుతుంది? పరిశోధన పత్రాల్లో వాడే ఎ.పి.ఎ. పద్ధతిలో, రికార్డు చేసి దాచని ముఖాముఖి వ్యక్తిగత సంభాషణ కిందికి వస్తుంది. వ్యాసం లోపల చెప్పవచ్చు గాని చివరి పట్టికలో చోటుండదు. పాఠకుడు వెళ్లి సరిచూసుకునే దారి లేదు కాబట్టి! ఎం.ఎల్.ఎ. పద్ధతి కొంచెం ఉదారంగా ముఖాముఖిని పట్టికలో చేర్చుకుంటుంది, కానీ దారి లేని లోటు అక్కడా లోటే.

నియమం కటువుగా ఉన్నా దాని వెనుక న్యాయం ఉంది. దాన్ని తప్పుపట్టడం కంటే నెరవేర్చడం మేలు. కోలారు టమకలో ఇప్పుడు బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ, కెజిఎఫ్ కాలేజీల్లో చదివే పిల్లలు తమ మొదటి పత్రానికి అంశం కోసం దూరం పోనక్కర్లేదు. సొంత తాత దగ్గరో, పక్కింటి తాత దగ్గరో కూర్చోవాలి. ఆయన ఒప్పుకుంటే తెలుగులోనో తమిళంలోనో ఆయన మాట్లాడినట్టే రికార్డు చెయ్యాలి. పేరు, షాఫ్టు, పనిచేసిన ఏళ్లు, మాట్లాడిన తేదీ రాయాలి. ఆ రికార్డును ఎవరైనా వినేలా గ్రంథాలయంలో సంఖ్య వేసి దాచమని విశ్వవిద్యాలయాన్ని అడగాలి. అప్పుడు ఆ కార్మికుడి పేరు పత్రం చివర, అకారాది క్రమంలో, ప్రొఫెసర్ల పేర్ల మధ్యే వస్తుంది. గనులు మూతపడినప్పుడు నలభై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు అరవై దాటింది. ఈ పని ఈ ఏడాదే మొదలుకావాలి.